సీలు వేసిన సీపీయూ

హఫీజ్‌పేట్ స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే భూలక్ష్మికి ఒక అలవాటుంది. ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు తన బ్యాగు విప్పి, స్క్రూడ్రైవర్లు, కేబుళ్ళు, పాత విడిభాగాలు అన్నీ ఒక గుడ్డ మీద పరిచి ఇంటివాళ్ళకు చూపిస్తుంది. పని అయ్యాక వాళ్ళు చూస్తుండగానే మళ్ళీ సర్దుకుంటుంది. ఇదంతా ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉండనీయుండ్రి, నాకట్ల అలవాటు" అంటుంది తప్ప కారణం చెప్పదు.

కారణం పదిహేనేళ్ళ నాటిది. ఆమె పుట్టింది పుప్పాలగూడలో. పదో తరగతి పాసయిన ఏడాదే నర్సింహతో పెళ్ళయి హఫీజ్‌పేట్ వచ్చింది. నర్సింహ ఆఫీసు ఉద్యోగులను దింపే క్యాబు నడిపేవాడు. ఆమె హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్‌లో చేరింది. బల్లలు తుడుస్తూనే, కంప్యూటర్లు విప్పే ఇంజనీర్ల చేతుల వంక చూసేది. వాళ్ళలో ఒక పెద్దాయన ఆమె ఆసక్తి గమనించి, టార్చి పట్టుకోమనే నెపంతో ఒక్కో భాగం పేరు చెప్పేవాడు. ఆరేళ్ళు అలా గడిచాక ఒకరోజు ఎవరిదో హార్డ్‌డిస్కు కనిపించలేదు. ఆ ఫ్లోరులో ఎనభై మంది ఉంటే, గేటు దగ్గర ఆపి వెతికింది భూలక్ష్మి బ్యాగు ఒక్కటే. అన్నం డబ్బా మూత కూడా తీయించారు. రెండు రోజుల తర్వాత అది పోగొట్టుకున్నవాడి కారులోనే దొరికింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ వచ్చి చెప్పలేదు. క్యాంటీన్‌లో ఎవరో అనుకుంటుంటే చెవిన పడింది. మరుసటి నెలే ఆ పని మానేసి అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సులో చేరింది. తర్వాత ఎనిమిదేళ్ళు వేరేవాళ్ళ షాపులో చేసి, ఆరేళ్ళుగా సొంతంగా ఒక షట్టరు కొట్టు నడుపుతోంది.

అనుమానం అంటే ఏమిటో మీద పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పడ్డవాళ్ళకు ఇంకో జబ్బు కూడా అంటుకుంటుంది. ఎదుటివాడు ఊరికే చూసినా తనను తనిఖీ చేస్తున్నాడనిపిస్తుంది. భూలక్ష్మికి ఆ జబ్బు ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అటువంటి మనిషి వెళ్ళి వెళ్ళి రామ్మోహనరావు గారింట్లో పడింది.

రామ్మోహనరావుది బాపట్ల వైపు. ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో సిగ్నల్ శాఖలో చేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. సిగ్నలు ఆగిపోయిందంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉండాలి, లేదా చేయవలసింది చేయకుండా ఉండాలి. ఆయన నమ్మకం అది. ఉద్యోగం పోయినా నమ్మకం పోలేదు. హఫీజ్‌పేట్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో భార్య పుణ్యవతితో ఉంటూ, రైల్వేలో పనిచేసి చనిపోయినవారి భార్యలకు కుటుంబ పింఛను దరఖాస్తులు ఉచితంగా నింపిపెట్టేవాడు. ఆ పనికే ఒక డెస్క్‌టాప్ కొనుక్కున్నాడు. వైఫై అంటే పడదు. గాలిలో పోయేదాన్ని ఎవడైనా పట్టుకోవచ్చునని ఆయన వాదన. అందుకని కారిడార్‌లోని డక్ట్ నుంచి, అంటే కేబుళ్ళన్నీ వెళ్ళే గోడ అల్మరా నుంచి, ఇంట్లోకి తీగ లాగించుకున్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ వస్తే భూలక్ష్మి వెళ్ళింది. తలుపు తీసిన రామ్మోహనరావు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"మీ ఆయన రాలేదామ్మా?"

"మా ఆయన కారు నడుపుతడు సార్. కంప్యూటర్ పని నాదే."

ఆయన ఆమె ఆధార్ కార్డు ఫోటో తీసుకుని, లోపలికి రానిచ్చాడు. సమస్య చెప్పమంటే గొంతు తగ్గించాడు.

"నెట్ ఊరికే పోవడం లేదమ్మా. ఎవరో తీస్తున్నారు. కనకలక్ష్మి గారని మా కింద పనిచేసి పోయిన ఖలాసీ భార్య, కాజీపేటలో ఉంటుంది. ఆవిడ దరఖాస్తు ఇప్పటికి నాలుగుసార్లు నింపాను. నాలుగుసార్లూ పంపే ముందు పోయింది. నాలుగుసార్లూ, సరిగ్గా పంపే ముందు! అది దానంతటదే జరుగుతుందా?"

వంటింట్లోంచి పుణ్యవతి అందుకుంది. "ఒక్కో అక్షరం మూడుసార్లు సరిచూసుకుంటూ గంటసేపు నింపుతారమ్మా. ఆ డబ్బా పనిచేయకపోతేనే ఈ ఇంట్లో నాకు కాస్త ప్రశాంతం."

భూలక్ష్మి ఆ మాట మనసులో పెట్టుకుంది. సీపీయూ వెనక చూస్తే కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, ప్లగ్గు వదులుగా కదులుతోంది. ఆమె ఆ కొస కత్తిరించి కొత్త ప్లగ్గు బిగించింది. పోర్టు పక్కన ఉండే చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది. పది నిమిషాలు అదీ ఇదీ తెరిచి చూసింది. బాగానే ఉంది. బ్యాగు సర్దుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్. "నువ్వు వెళ్ళిన అరగంటకే పోయింది" అన్నాడాయన. ఆ గొంతులో ఏదో తేడా ఉంది.

వెళ్ళేసరికి సీపీయూకు సీలు వేసి ఉంది.

పక్క తలుపుకూ వెనక అంచుకూ కలిపి తెల్ల కాగితం ముక్క అంటించి, దాని మీద అడ్డంగా సంతకం, తేదీ, టైము రాశాడు. కేబుల్ దూరిన చోట దారం చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోశాడు. భూలక్ష్మి దాని ముందు కూర్చుని ఆ తేదీ, టైము చదివింది.

"ఇదేంది సార్?"

"సీలమ్మా. సిగ్నళ్ళు నడిపే మా రిలే స్విచ్చుల గదులకు వేసేవాళ్ళం. ఎవరు ముట్టుకున్నా తెలిసిపోతుంది."

"నేను ముట్టుకున్నంక ఏసిన్రు."

"నువ్వొక్కదానివే అని ఎందుకనుకుంటావు? ఎవరైనా కావచ్చు."

ఆయనే సీలు విప్పాడు. కంప్యూటర్ ఆన్ చేశాడు. నెట్ చక్కగా వచ్చింది. భూలక్ష్మి తన ల్యాప్‌టాప్ తీసి, అదే కేబుల్ దానికి పెట్టి చూసింది, అక్కడా వచ్చింది. మళ్ళీ డెస్క్‌టాప్‌కు పెడితే ఇక్కడా వచ్చింది.

"ఇప్పుడైతె అంత మంచిగనే ఉన్నది సార్."

రామ్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా శాఖలో కూడా అలాగే రాసేవాళ్ళమ్మా. 'వెళ్ళి చూడగా బాగున్నది' అని. నా సర్వీసులో ఆ మాట రాసినవాళ్ళెవరినీ నేను నమ్మలేదు. నువ్వొస్తే బాగుంటుంది, నువ్వెళ్తే పోతుంది. దీన్నేమనుకోవాలి?"

భూలక్ష్మికి గేటు దగ్గర అన్నం డబ్బా మూత తీయించిన మనిషి ముఖం ఈయన ముఖంలో కనిపించింది. బ్యాగు సర్దుకుని లేచి పోదామనుకుంది. పోతే మాత్రం ఏమవుతుంది? దొంగ గనకనే పోయింది అంటారు. కూర్చుంది.

అప్పుడే టేబుల్ మీద గీతలు కొట్టిన పొడుగాటి నోట్‌బుక్ కనబడింది. అట్ట మీద 'ఫెయిల్యూర్ రిజిస్టర్' అని ఉంది.

"ఆ బుక్కు జర నాకియ్యుండ్రి సార్."

"అది నా సొంతం."

"పోయిన టైములు రాసిన్రు గదా? నాకు గవ్వే కావాలె."

ఆయన ఇష్టం లేకుండానే ఇచ్చాడు. పేజీ నిండా గడులు. ఆన్ చేసిన టైము, పోయిన టైము, ఇంట్లో ఎవరున్నారు, కారిడార్‌లో ఎవరు తిరిగారు, ఎవరి మీద అనుమానం. ఆఖరి గడిలో మొదట 'వెంకట్' అని నాలుగైదు చోట్ల ఉంది. అపార్ట్‌మెంట్ సంఘానికి అతను కార్యదర్శి. ఆ డక్ట్ తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది, లిఫ్టు మరమ్మతు విషయంలో రామ్మోహనరావుకూ అతనికీ మాటా మాటా వచ్చింది. ఒకచోట 'పు.' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. నిన్నటి వరుసలో నీలం సిరాతో 'భూలక్ష్మి (రిపేరు). మళ్ళీ పిలిపించుకోవడానికి కావాలని చేసి ఉండవచ్చు' అని ఉంది.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. వేలు పక్కకు జరిపి టైముల గడి చూడసాగింది.

చూడగా చూడగా ఒక సంగతి తట్టింది. సాయంత్రం నాలుగింటికి ఆన్ చేసిన రోజుల్లో ముప్పై, ముప్పై అయిదు నిమిషాలకు పోయింది. పొద్దున పదింటికి ఆన్ చేస్తే నలభై, నలభై అయిదు. ఒక్కరోజు మాత్రం తెల్లవారుతూనే ఆరింటికి ఆన్ చేశాడు. ఆ రోజు గంటన్నర నిలిచింది. ఇంట్లో ఎవరున్నా, కారిడార్‌లో ఎవరు తిరిగినా, ఆ లెక్క తప్పలేదు.

"ఇప్పుడు ఆన్ చేసి ఎంత సేపయ్యింది సార్?"

"పదకొండూ పదికి చేశాను."

"అయితె పన్నెండు లోపల పోతది. నిన్న నేను పది నిమిషాలు చూసి పోయిన. అది నా తప్పే. ఇయ్యాల పోయేదాక ఈడనే కూసుంట. మీరు గూడ కూసోండ్రి. అమ్మను గూడ పిలువుండ్రి. అందరం కండ్ల ముందల్నే ఉందాం."

రామ్మోహనరావుకు ఈ పద్ధతి నచ్చింది. పుణ్యవతిని పిలిచాడు. ఆవిడ గోంగూర కట్టలు, పళ్ళెం తెచ్చుకుని సోఫాలో కూర్చుంది. ఇంతలో కాలింగ్ బెల్ గట్టిగా మోగింది. వెంకట్ వచ్చాడు. నలభై లోపు మనిషి, ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తున్నట్టున్నాడు, చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది.

"అంకుల్, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మెసేజ్ ఏంటండి? నేను మీ కేబుల్ తీస్తున్నానా?"

"నీ పేరు రాయలేదే. 'డక్ట్ తాళంచెవి ఉన్నవారు' అని రాశాను."

"తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉందండి! అరవై ఫ్లాట్లవాళ్ళూ చదివారు."

"అయితే కూర్చో. ఈ పూట ఇక్కడినుంచి ఎవరూ కదలకూడదు."

"నాకు పన్నెండున్నరకు కాల్ ఉంది."

"అంతదాక పట్టదు సార్, కూసోండ్రి" అంది భూలక్ష్మి. వెంకట్ విసుక్కుంటూనే కుర్చీ లాక్కున్నాడు.

సీపీయూను తిప్పి వెనక భాగం అందరికీ కనిపించేట్టు పెట్టింది. పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. నలుగురూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. గోంగూర ఆకు తుంచే చప్పుడొక్కటే.

నోట్‌బుక్‌లో టైములు అంత స్పష్టంగా కనిపించినా, భూలక్ష్మి చూపు ఉండుండి పుణ్యవతి కాళ్ళ మీదకు పోతోంది. ఆవిడ ఎక్కడైనా తీగ తొక్కుతుందేమో, నిన్న అన్న మాట ఊరికే అని ఉండదేమో అని. మూడోసారి అలా చూశాక పుణ్యవతి తలెత్తింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"ఏంటమ్మా, నన్నే చూస్తున్నావు? నేనేననుకుంటున్నావా?" అందావిడ. కోపం లేదు, అలసట ఉంది. "ఆ పుస్తకంలో నా పేరు కూడా ఉందని నాకు తెలుసులే. నలభై ఏళ్ళ కాపురం. పాలు విరిగినా రాస్తారు."

భూలక్ష్మి చూపు తిప్పుకుంది. గేటు దగ్గర తనను ఆపిన మనిషి చేసిందీ ఇదే కదా అనుకుంది.

పదకొండూ యాభై మూడుకు పచ్చ లైటు ఆరిపోయింది.

వెంకట్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. రామ్మోహనరావు లేచి నిలబడ్డాడు. ఎవరి చేతులూ కదలలేదు. పుణ్యవతి రెండు చేతుల్లోనూ గోంగూర కాడలే ఉన్నాయి.

"సూసిన్రా? ఎవలూ ముట్టలే."

భూలక్ష్మి కేబుల్ ఊడదీసి ల్యాప్‌టాప్‌కు పెట్టింది. క్షణంలో నెట్ వచ్చింది. "అంటే తీగ మంచిగనే ఉన్నది. డక్ట్ మంచిగనే ఉన్నది. ఈ సార్ ఏం జెయ్యలే" అని వెంకట్ వైపు చెయ్యి చూపింది. మళ్ళీ డెస్క్‌టాప్‌కు పెట్టింది. లైటు రాలేదు. తెర మీద పరికరాల జాబితా తెరిచి చూపించింది. నెట్‌వర్క్ కార్డు ఉండవలసిన చోట ఏమీ లేదు, అసలు ఆ భాగమే కంప్యూటర్‌లో లేనట్టు.

"ఆఫ్ చెయ్యకుంటనే సూపిస్త. ఆ టేబుల్ ఫ్యాన్ ఇటు తెండ్రి."

సీపీయూ పక్క తలుపు తీసి ఫ్యాను గాలి నేరుగా లోపలికి కొట్టేలా పెట్టింది. అయిదు నిమిషాలు గడిచాయి. ఆరో నిమిషంలో పచ్చ లైటు ఒక్కసారి మిణుకుమని, ఆరి, మళ్ళీ వెలిగి నిలబడింది. ఫ్యాను పక్కకు తిప్పితే కాసేపటికి మళ్ళీ పోయింది.

"నెట్‌కు వేరే కార్డు లేదు సార్ ఇందుల. బోర్డు మీదనే ఒక చిన్న చిప్పు ఉంటది, ఇగో గీ పోర్టు పక్కన. చల్లగున్నప్పుడు పట్టుకుంటది, వేడైతె ఒదిలేస్తది. దాని కింద టంకం యాడనో పగిలి ఉంటది. సాయంత్రం ఇల్లంత వేడుంటది గాబట్టి జల్ది పోతది. పొద్దుగాల చల్లగుంటది గాబట్టి గంటన్నర ఆగింది. అదంత మీ బుక్కులనే ఉన్నది. మీరే రాసిన్రు."

రామ్మోహనరావు వంగి ఆ చిప్పు వంక చూశాడు.

"కాజీపేట దగ్గర ఒక సిగ్నలు ఉండేది," అన్నాడు, ఎవరితోనూ కానట్టు. "ఎండాకాలం, మధ్యాహ్నం పూటే పోయేది. మేము ట్రాలీ మీద వెళ్ళేసరికి బాగుండేది. ఎల్లయ్య అని ఇంకో ఖలాసీ. వాడే సిగ్నలు పెట్టె మూత సరిగా వెయ్యడం లేదని రాశాను. వాణ్ణి బదిలీ చేశారు. వాడి పిల్లల చదువులు మధ్యలో..." అక్కడ ఆగాడు. "రిలే వేడెక్కి విడిపోతోందేమో, నాకా ఆలోచనే రాలేదు."

"వాడు వెళ్ళాక బాగయ్యిందా?" అంది పుణ్యవతి.

"వానాకాలం వచ్చింది."

భూలక్ష్మి పని చూసుకుంది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ అవుతుండగానే లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి బోర్డు మీది నెట్‌వర్క్‌ను పూర్తిగా ఆపేసింది. గుడ్డ మీద పరిచిన సామానులోంచి ఒక విడి కార్డు తీసింది. ఏదో ఆఫీసు పారేసిన కంప్యూటర్‌లోంచి తీసినది. బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాటులో నొక్కి, స్క్రూ బిగించి, కేబుల్ దానికి తగిలించింది. పచ్చ లైటు వెలిగింది. ఈసారి ఆమె పది నిమిషాలు చూసి లేవలేదు. పుణ్యవతి గోంగూర పచ్చడి నూరి అన్నం పెట్టేదాకా కూర్చుంది. రెండు గంటలు దాటినా లైటు ఆరలేదు. వెంకట్ ఎప్పుడో తన కాల్ కోసం వెళ్ళిపోయాడు.

రామ్మోహనరావు రిజిస్టరు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. 'కారణం: బోర్డులోని చిప్ వేడికి చెడినది. ఎవరి ప్రమేయమూ లేదు.'

"సార్, పై వరుసల నా పేరున్నది గదా," అంది భూలక్ష్మి.

ఆయన కలం ఆగింది.

"దాన్ని గూడ సూడుండ్రి."

"రిజిస్టర్‌లో చెరపకూడదమ్మా. అది నియమం. ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలి, కింద ఏముందో కనబడాలి."

"ఎందుకు కనబడాలె?"

ఆయన స్కేలు తీశాడు. గీత కొట్టి, పొడి సంతకం పెట్టాడు. భూలక్ష్మి వంగి చూసింది. గీత కింద తన పేరు స్పష్టంగానే చదవొచ్చు. బ్యాగు సర్దుకుంటుంటే ఆయన దాని వంక చూడలేదు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అది మర్యాదో, సిగ్గో ఆమె తేల్చుకోలేకపోయింది. క్షమించమని మాత్రం అనలేదు.

కనకలక్ష్మి దరఖాస్తు ఆ సాయంత్రమే వెళ్ళింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో 'కేబుల్ అంతరాయానికి సాంకేతిక కారణం కనుగొనబడినది' అని ఒక మెసేజ్ వచ్చిందట. వెంకట్‌కు అది చాలలేదు. లిఫ్టులో ఎదురుపడినా పలకరించడం లేదని పుణ్యవతి ఫోన్లో చెప్పింది. ఆవిడ అప్పుడప్పుడు భూలక్ష్మికి ఫోన్ చేస్తుంటుంది, పనేమీ లేకపోయినా. ఎల్లయ్య ఎక్కడున్నాడో కనుక్కోవడానికి రామ్మోహనరావు తన పాత స్నేహితులకు ఉత్తరాలు రాస్తున్నాడని, ఇంకా ఆచూకీ తెలియలేదని కూడా ఆవిడే చెప్పింది.

మే నెలంతా భూలక్ష్మికి తీరిక లేదు. రైల్వే పింఛనుదారులు ఒకరి తర్వాత ఒకరు పిలిచారు, చందానగర్ నుంచి ఒకరు, కొండాపూర్ నుంచి ఇద్దరు. కొండాపూర్‌లో ఒకాయన తలుపు తీస్తూనే నవ్వాడు.

"రామ్మోహనరావు చెప్పాడమ్మా. పని బ్రహ్మాండంగా చేస్తావట, అబద్ధం ఆడవట."

"సంతోషం సార్."

"అయితే పని చేస్తున్నంతసేపూ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు."

భూలక్ష్మి గుమ్మంలో చెప్పులు విడిచింది. తర్వాత లోపలికి నడిచి, బ్యాగు జిప్పు తీసింది.

"కూసోండ్రి సార్," అంది. "జర దగ్గరికి జరుగుండ్రి, ఆడినుంచి ఏం కనబడది."